ఇస్మత్ చదివిన కోర్సులు

అల్ ఖోబర్,
12-3-2004, శుక్రవారం

కాలేషా అన్నకు,

చెల్లెలు ఇస్మత్ సలాములు. నేను, ఆయన, అఫ్షాన్ బాగుండాము. అఫ్షాన్‌కు ముందు పళ్ళు రెండు ఊగుతాండాయి, అద్దం ముందు నుంచి కదలదు. అమ్మ మోకాళ్ళ నొప్పులకు మా పై అంతస్తులో ఉండే షైని సిస్టర్ మాత్రల పేరు రాసిచ్చింది, వెనక పక్క రాస్తాండా. ఆమెది భీమవరం పక్క, ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. మంచి మనిషి.

ఫోన్లో చెప్పలేని మాట ఒకటి రాస్తున్నా, నవ్వొద్దు. నేను మళ్ళీ చదువుతున్నా. ఇంట్లో కంప్యూటరు పెట్టినాము. అమెరికాలో ఒక కాలేజీ వాళ్ళు (పేరు కూడా వెనక పక్కే రాస్తాండా) దూరంలో ఉండేవాళ్ళకు ఎక్స్‌టెన్షన్ కోర్సులని ఇంటర్నెట్లోనే చెప్తారు. పాఠం తెర మీదికే వస్తుంది. ప్రశ్న ఇస్తారు, జవాబు రాసి పంపితే వారానికి మార్కులొస్తాయి. కోర్సుకు మూడు క్రెడిట్లు. అవి చాలినన్ని పోగైతే డిగ్రీ. నాలుగు కోర్సులు అయిపోయినాయి, నాలుగింటికీ ఏ గ్రేడే.

బిజినెస్ లా మొదటి పేపరుకు మూడు రోజులు పట్టింది. బియ్యం నానబోసి కూర్చుంటే, మళ్ళీ చూసేసరికి నీళ్ళన్నీ తెల్లగా పులిసిపోయుండె. ఇప్పుడు ఒక పూటలో రాసేస్తున్నా.

నేను అడిగేదేమంటే, మన కాలేజీలో బీకాం రెండేండ్లు పాసయి వదిలేసినా కదా. ఈ క్రెడిట్లు ఆ మూడో సంవత్సరం కింద కలుపుకుని డిగ్రీ ఇస్తారా? నువ్వు ఆ కాలేజీ ఆఫీసులోనే ఉంటావు, ఎవరినైనా అడిగి చూడు. మేరాజ్ వదినకు కూడా ఇప్పుడే చెప్పొద్దు.

నీ జాబు కోసం చూసే
ఇస్మత్


రాయచోటి,
20-4-2004

చెల్లెలు ఇస్మత్‌కు కాలేషా దువాలు.

చెప్పొద్దన్నావు గానీ పోస్టుమేను జాబు ఇచ్చింది మీ వదిన చేతికే. అమ్మకు చదివి వినిపించింది కూడా ఆమే. అమ్మ ఒక్క మాటే అనింది, "అది సచ్చేదాకా చదువుతాది" అని. ఏడుస్తా అనిందో నవ్వుతా అనిందో నాకు తెలీలేదు.

నా సంగతి చెప్తా విను. తొంభై ఎనిమిదిలో మూడో సంవత్సరం ఫీజు కాయితం నీ చేతిలో ఉండంగనే నేను నౌమాన్ భాయ్ సంబంధం ఖాయం చేసినా. "పెండ్లయినాక రాసుకోవచ్చులేమ్మా" అంటి. నువ్వు కాయితం మడిచి అన్నం గిన్నె కింద పెట్టి పోయినావు. నాయన లేని ఇంట్లో పెద్దోణ్ణి, తొందర పడితిని. ఈ కాలేజీలో రికార్డ్ అసిస్టెంటుగా చేరినాక ప్రతి యేడూ ఆడపిల్లలు ఆ కాయితాలే తెచ్చి నా చేతికిస్తాండారు. అందుకే నీ జాబు చూసి నిలవలేక పోయినా.

బస్సెక్కి యూనివర్సిటీకి పోయొచ్చినా. అక్కడ పరీక్షల విభాగంలో భూషణం అని సూపరింటెండెంటు. మొదట విసుక్కున్నాడు, తర్వాత నీ మార్కులు తీసి చూసి "ఈ పిల్ల ఎందుకు మానేసిందయ్యా" అన్నాడు. దోవ లేకపోలేదంట. ఆ కాలేజీ వాళ్ళు నీ పేరు మీద మార్కుల పట్టీ, అదే ట్రాన్స్‌క్రిప్టు, సీలు వేసిన కవరులో నేరుగా ఇక్కడికి పంపాలంట. తెరిచిన కవరు చెల్లదంట. కోర్సుల సిలబస్ కూడా కావాలంట. కమిటీలో పెట్టిస్తానన్నాడు. నీ పేరుతో ఒక ఫైలు కూడా తెరిపించినా.

ఆ కవరు పంపించు, మిగతాది నాకొదిలెయ్.

కాలేషా


అల్ ఖోబర్,
4-6-2004

అన్నకు సలాములు.

నీ జాబు ఆయన ఆఫీసు నుంచి తెచ్చి ఇచ్చినాడు. ఇక్కడ ఇండ్లకు పోస్టు రాదు, అంతా కంపెనీ పోస్టు బాక్సుకే వస్తుంది, నలుగురి చేతులు మారుతుంది. కాబట్టి చదువు సంగతి జాబుల్లో రాయొద్దన్నా. అమ్మ సంగతి, పిల్లల సంగతి రాయి.

ట్రాన్స్‌క్రిప్టుకు టైము పడుతుంది. ఇంకొన్ని కోర్సులు కానీ. ఫైలు మాత్రం మూయనీయొద్దు.

ఎండలు మొదలైనాయి. కొళాయిలో పొద్దున ఏడింటికే వేన్నీళ్ళు వస్తాండాయి.

ఇస్మత్


రాయచోటి,
8-10-2005

ఇస్మత్‌కు దువాలు. రంజాన్ ముబారక్.

నువ్వు వద్దన్నావని ఏడాది పైన చదువు మాట ఎత్తలేదు. ఫోన్లో అడిగితే "ఆ, ఆ, అమ్మ ఎట్లుంది" అని మాట తిప్పినావు. నాకు అర్థమయింది లేమ్మా. నౌమాన్ భాయ్‌కు తెలీకుండా చదువుతాండావు. తప్పేమీ కాదు, చదువు దొంగతనం కాదు. నా నోట్లో నుంచి మాట రాదు.

అయినా ఇప్పుడు రాయక తప్పదు. యూనివర్సిటీ నోటిఫికేషను ఇచ్చింది. పాత సిలబస్‌లో ఆగిపోయినోళ్ళకు వచ్చే ఏప్రిల్ పరీక్షలే చివరి అవకాశం. ఆ తర్వాత పాత సిలబస్ రద్దు. నీ రెండేండ్లూ నీళ్ళల్లో కలిసినట్టే. ఫీజు కట్టడానికి డిసెంబరు పదహైదు ఆఖరు.

నీకు రెండు దోవలుండాయి. ఏప్రిల్లో వచ్చి ఆరు పేపర్లు రాసిపో. లేదా నీ కవరు డిసెంబరు లోపల తెప్పించు, భూషణం సారు కమిటీలో పెడతాడు. ఆయన మార్చిలో రిటైరు. ఆయన పోతే మన ముఖం చూసేవాడు ఉండడు.

ఫీజు నేను కట్టేస్తా, పెద్ద మొత్తం కాదు. నువ్వు ఊ అను, చాలు.

కాలేషా


అల్ ఖోబర్,
11-11-2005, శుక్రవారం

అన్నకు సలాములు. ఈద్ ముబారక్.

పండగ బాగా జరిగింది. బీచికి పోతే ఖోబర్‌లో ఉండే ఇండియా వాళ్ళంతా అక్కడే ఉండారు. అఫ్షాన్ కొత్త చెప్పు ఒకటి సముద్రంలో పోగొట్టింది.

ఆయనకు తెలీకుండా నేనేమీ చేయలేదన్నా. ఆయనకు అంతా తెలుసు. నీ జాబు చదివి నవ్వినాడు, "మీ అన్న నన్ను ఏమనుకుంటాండాడు" అని.

ఫీజు కట్టొద్దు. ఏప్రిల్లో ఇక్కడా పరీక్షలుండాయి, వంతెన దాటి బహ్రెయిన్ పోయి రాసేవి. ఆ టైములో నాకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అదే దేశం దాటి తిరిగొచ్చే అనుమతి, పడదు. ఇరవై నాలుగు కోర్సులయినాయి. కవరు దోవే మేలు. నన్ను నమ్ము.

ఒక సంతోషం చెప్పుకుంటా. మార్కెటింగ్ కోర్సులో మీ వీధిలో ఒక వ్యాపారం గురించి రాయమన్నారు. మా ఇంటి కింద ఉనైజా అనే ఊరి నుంచి వచ్చిన ముసలాయన ఖర్జూరం అంగడి ఉంది. సుక్కరీ పండ్లు అమ్ముతాడు. పెద్ద అంగళ్ళలో రంగు డబ్బాల్లో పెట్టి అమ్ముతారు, ఈయన ఒట్టి గంపల్లో పోసి పెడతాడు. ఎవరొచ్చినా ముందు ఒక పండు చేతిలో పెట్టి, తిన్నాక ముఖం చూస్తాడు. నచ్చని ముఖం పెట్టినోళ్ళకు అమ్మడు. "మీకు వేరే రకం కావాల, పక్కన అడగండి" అని పంపిస్తాడు. అందుకే ఆ పంపించినోళ్ళే మళ్ళీ మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు. బురఖా లోపల నుంచి నేను రెండేండ్లు చూసింది అంతా పన్నెండు పేజీలు రాసినా. "ఇంత బాగా చూసే కన్ను నా తరగతిలో ఇంకొకరికి లేదు" అని ప్రొఫెసరు రాసి పంపినాడు. ఆ కాయితం ప్రింటు తీసి ఖురాన్ పెట్టే అరలో దాచుకున్నా.

ఇస్మత్


రాయచోటి,
20-2-2006

ఇస్మత్‌కు.

ఇది చదివి చించెయ్. డిసెంబరు పోయింది, కవరు రాలేదు. ఫీజు తేదీ పోయింది, నువ్వు కట్టొద్దన్నావు. మీ వదిన తమ్ముడికి ఈమెయిలు వస్తాది కాబట్టి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని నేనే ఆ కాలేజీకి రాయించినా, మా చెల్లెలి ట్రాన్స్‌క్రిప్టు పంపండి అని. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. షేక్ ఇస్మత్ అనే విద్యార్థి మా దగ్గర ఎప్పుడూ లేదు అని.

రెండోసారి రాయించినా, పేరు తప్పు పడిందేమో చూడండి అని. లేదు అనే రాసినారు.

ఆ కాయితం తీసుకుని పోయి భూషణం సారు బల్ల మీద పెట్టినా. ఆయన చదివి కండ్లద్దాలు తీసినాడు. "కాలేషా, ఇంట్లో ఆడవాళ్ళు ఏదో పొద్దుపోక చెప్పుకుంటారు. నువ్వు రెండేండ్లు నా చుట్టూ తిరిగినావా దీనికి?" అన్నాడు. పక్కనోళ్ళు నవ్వినారు. ఫైలు కట్టేసి నా చేతికే ఇచ్చినాడు.

ఖర్జూరం ముసలాయన, ప్రొఫెసరు మెచ్చుకోలు, ఇరవై నాలుగు కోర్సులు. ఇదంతా ఎందుకు చెప్పినావమ్మా నాకు? నిన్ను చదవనీయలేదని నన్ను ఇట్లా కొట్టాలనుకుంటివా? కొట్టినావు. బాగానే తగిలింది. నేను ఫీజు కట్టేసుంటే ఏమైతుండె? ఏప్రిల్లో ఆరు పేపర్లు. అయిపోయేది.

అమ్మకు చెప్పలేదు.

కాలేషా


అల్ ఖోబర్,
2-6-2006, శుక్రవారం

అన్నా,

నీ ఫిబ్రవరి జాబు నాకు నిన్న దొరికింది. ఆయన ఆఫీసు సంచిలో, పాత జీతం స్లిప్పుల మధ్యలో. తెరిచి చదివి మూడు నెలలు దాచిపెట్టినాడు. ఇకమీదట కింద రాసిన అడ్రసుకు రాయి, అది షైని సిస్టర్ ఆసుపత్రి పోస్టు బాక్సు. ఈ జాబు కూడా ఆమే పోస్టు చేస్తాండాది.

ఆ కాలేజీలో షేక్ ఇస్మత్ లేదు. నిజమే. షేక్ నౌమాన్ ఉండాడు.

ఆయన తొంభై ఆరులో టైపిస్టుగా వచ్చినాడు, చదివింది ఇంటరు. మూడేండ్ల కింద కంపెనీలో డిగ్రీ లేనివాళ్ళను ఒక్కొక్కరినే ఎగ్జిట్ కొట్టి సొంత దేశానికి పంపడం మొదలుపెట్టినారు. చదువుకుంటే ఫీజు కంపెనీ కడుతుంది, ఉద్యోగులకు మాత్రమే. ఈయన కట్టించుకున్నాడు. మొదటి పేపరు రాయాల్సిన రోజు కంప్యూటరు ముందు కూర్చుని ఒక పేరా రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి ఏడ్చినాడన్నా. మగమనిషి ఏడ్చేది నేను నాయన చావులో తప్ప చూడలేదు. "నీకు ఇంగ్లీషు వచ్చు కదా, నువ్వు రాయి. నాది అయిపోతే నీకూ నేనే ఫీజు కడతా" అన్నాడు.

నన్నెవరూ బలవంతం చేయలేదు. సంతోషంగా రాసినా. ఐదేండ్లుగా ఆకలి మీద ఉండేదాన్ని, ఎవరి పళ్ళెమో చూసుకోలేదు. నీకు రాసిందంతా నిజమే, ఒక్క పేరు తప్ప. ప్రొఫెసరు రాసిన కాయితంలో మొదటి మాట "మిస్టర్ నౌమాన్". అది వదిలేసి నీకు రాసినా.

ఏప్రిల్ పరీక్షలు కూడా ఆయనవే. రెండు నెలలు కూర్చోబెట్టి పాఠం చెప్పినా. సీ గ్రేడుతో గట్టెక్కి, బహ్రెయిన్ నుంచి మిఠాయి తెచ్చినాడు. ఇక్కడ నేను ఆయనకు పాఠం చెప్తాంటే అక్కడ నా పరీక్ష జరిగిపోయింది.

నిన్న జాబు పట్టుకుని అడిగినా, "ఎందుకు దాచినావు" అని.

"మీ అన్న అమెరికాకు ఉత్తరాలు రాస్తాండాడు. ఇద్దరూ కలిసి నన్ను ముంచాలనుకున్నారేమో అనుకున్నా."

"మూడు నెలలు నా ముఖం చూసి అదే అనుకున్నావా?"

కార్ తాళాలు తీసుకుని పోయినాడు.

నువ్వు కూడా నన్ను అబద్ధాలకోరు అనుకున్నావు. నీ తప్పు కాదులే. చేసింది నేనే.

ఇస్మత్


రాయచోటి,
5-7-2006

నా చెల్లెలు ఇస్మత్‌కు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలీక నాలుగు కాయితాలు చించినా. నీ జాబు కాలేజీలో స్టోరు రూములో నిలబడి చదివినా. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకునేదానికి లేదు. ఒక్క మాట ముందే చెప్పుంటే నేను తల తాకట్టు పెట్టైనా ఫీజు కట్టుందును కదమ్మా. చెప్పకపోయినావే. అన్నకు కూడా చెప్పుకోలేనంత దూరమా సౌదీ?

సరే. భూషణం సారు ఇంటికి పోయినా. రిటైరయినాక మనిషి మెత్తబడినాడు. నిజం చెప్పినా. తర్వాత ఆయనే చెప్పినాడు, "సిలబస్ రద్దయితే డిగ్రీ ఇవ్వరు గానీ, రాసిన పరీక్షల మార్కులను ఎవరూ రద్దు చేయలేరు. ఆ రెండేండ్ల ట్రాన్స్‌క్రిప్టు సీలు వేయించి అమెరికాకు పంపండి. వాళ్ళు క్రెడిట్లుగా కలుపుకుంటారు" అని. అంటే మనం తిరగలి తిప్పింది తలకిందులుగా. అక్కడివి ఇక్కడికి కాదు, ఇక్కడివి అక్కడికి.

నీ పేరుతో అక్కడ చేరు. కవరు సంగతి నాది. ఈసారి చేరేది మాత్రం నువ్వే కావాల.

కాలేషా


అల్ ఖోబర్,
19-1-2007

అన్నకు సలాములు.

ఆయనకు రెండు కోర్సులు మిగిలినప్పుడు చెప్పేసినా, "నా పేరు మీద ఫీజు కడితేనే ఇవి రాస్తా" అని. పెండ్లయినాక నేను బేరం పెట్టింది ఇదే మొదలు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఎనిమిదో రోజు ఆయనే కంప్యూటరు ముందు కూర్చుని నా ఫారం నింపినాడు. పేరు కాడ నన్ను అడిగి, అక్షరం అక్షరం కొట్టినాడు.

ఆయన డిగ్రీ డిసెంబరులో వచ్చింది. ఉద్యోగంలో గ్రేడు పెరిగింది, ఆఫీసులో వేరే గది ఇచ్చినారు. పటం కట్టించి హాల్లో పెట్టినాడు. ఇంటికొచ్చినోళ్ళు ముబారక్ చెప్తే నేను టీ ఇస్తాండా.

నువ్వు పంపిన కవరు వాళ్ళకు చేరింది. మొన్న మెయిలు వచ్చింది. నా బీకాం రెండేండ్లకు నలభై ఐదు క్రెడిట్లు ఒప్పుకున్నారు! తెర మీద నా పేరు, దాని ఎదురుగా నలభై ఐదు. అఫ్షాన్‌ను పిలిచి చూపిస్తే "నువ్వు కూడా బడికి పోయినావా అమ్మీ" అనింది.

షైని సిస్టర్ కేకు చేసుకుని వచ్చింది. నీకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నా.

షేక్ ఇస్మత్


రాయచోటి,
11-2-2007

ఇస్మత్‌కు దువాలు.

నలభై ఐదు! అమ్మకు చెప్తే "ఎన్నిటికి?" అని అడిగింది. నూట ఇరవైకి అంటే "ఇంకా చానా ఉందే" అని మంచానికి వాలింది. ఆమెకు ఎప్పుడూ అంతే. భూషణం సారు మాత్రం నా చేయి పట్టుకుని ఊపినాడు.

ఒక మాట. ఆ కోర్సులన్నీ నువ్వు చదివినవే కదా, మళ్ళీ మొదటి నుంచి ఎందుకు కష్టపడేది? అవే ప్రశ్నలు వస్తే నువ్వు రాసినవే తీసి పంపు. నీ సొత్తు నువ్వు తీసుకుంటే తప్పేముంది. ఆ ఖర్జూరం ముసలాయనను మొదట నీ పేరు కిందికి తెచ్చుకో. నా మాట విను.

కాలేషా


అల్ ఖోబర్,
15-6-2007, శుక్రవారం

కాలేషా అన్నకు,

ఫోన్లో నువ్వు ఎన్నిసార్లు అడిగినా "తర్వాత చెప్తా" అన్నా కదా. ఇదిగో.

మార్కెటింగ్ కోర్సులో మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నువ్వు చెప్పినందుకు చేయలేదు, ముందే చెప్తున్నా, మనసులో పెట్టుకోవద్దు. ముసలాయన అంగడి మీద ఇంకొకటి కొత్తగా రాసేదానికి కూర్చున్నా. రెండు రోజులు కూర్చున్నా రాలేదు. చెప్పాల్సిందంతా ఒకసారి చెప్పేసినా కదా. ఆ పన్నెండు పేజీలూ నా పేరు కింద ఒక్కసారి చూసుకోవాలనిపించింది. పంపించినా.

పదో రోజు మెయిలు వచ్చింది. తెర మీద ఎడమ పక్క నాది, కుడి పక్క ఆయనది, రెండూ కలిసిన లైన్లన్నీ ఎర్రగా. ఇప్పుడు వాళ్ళ దగ్గర కనిపెట్టే మిషనుందంట. షేక్ నౌమాన్ రెండు వేల ఐదులో రాసిన పేపరును మీరు దొంగిలించినారు, సంజాయిషీ చెప్పండి అని.

ఆయనకు చూపించినా. అరుస్తాడనుకున్నా, అరవలేదు. మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటా మాట్లాడినాడు. "నిజం చెప్తే నా డిగ్రీ తీసేస్తారు. కంపెనీకి రాస్తారు. నన్ను ఎగ్జిట్ కొడతారు. నా ఇకామా పోతే నీదీ పోతుంది, అఫ్షాన్‌దీ పోతుంది."

"నేను రాసింది నేనే కాపీ కొట్టినానని చెప్పాల్నా?"

"ఒక్క మాటే కదా ఇస్మత్."

చానా ఆలోచించినా. షైని సిస్టర్ "చెప్పేయ్, నిజం చెప్పేయ్, దేవుడున్నాడు" అనింది. ఆమెకు ఇక్కడ ఉండేదానికి ఆమె సొంత ఇకామా కార్డు ఉంది అన్నా. నాది ఆయన ఇకామా మీద అతికించిన ఫోటో.

సోమవారం సాయంత్రం కాలేజీ నుంచి ఫోను వచ్చింది. ముగ్గురు పెద్దలు, మాట్లాడింది ఒక ఆమె. మంచి గొంతు. ఆయన తలుపు కాడ నిలబడినాడు.

"మీ భర్త పేపరును ఆయనకు తెలీకుండా తీసుకున్నారా?"

"అవును."

"ఇందులో ఏమైనా మీరు సొంతంగా రాసింది ఉందా?"

ఆ ప్రశ్న నేను అనుకోలేదు. ఆమె మళ్ళీ అడిగింది, నిదానంగా, నాకు ఇంగ్లీషు అర్థం కాలేదేమో అన్నట్టు.

"లేదు" అని చెప్పినా.

"ఎందుకు తీసుకున్నారు?"

"బాగుందని" చెప్పినా.

అదే కాయితం మీద కూడా రాసి సంతకం పెట్టి పంపమన్నారు. పంపినా. కోర్సులో సున్నా వేసినారు, రెండేండ్లు కాలేజీలోకి రానీయరు. దొంగతనం చేసినట్టు నా ట్రాన్స్‌క్రిప్టు మీద రాసినారు, అది ఎప్పటికీ పోదంట. మన నలభై ఐదు క్రెడిట్లు ఉన్నాయి, తీసేయలేదు. వేరే కాలేజీకి మార్చుకోవచ్చంట. ఆ రాత కూడా వాటితో పాటు మారుతుంది.

ఆయన ఆ సాయంత్రం బయట నుంచి బ్రోస్టు, అదే వేయించిన కోడి, తెచ్చినాడు. తినేటప్పుడు, మంచిగానే, నన్ను ఓదార్చేదానికే అన్నాడు, "నన్ను ముందే అడగాల్సింది. అక్కడక్కడా మాటలు మార్చి ఇచ్చేవాణ్ణి కదా" అని.

ఆయన దాన్ని నమ్ముతాండాడన్నా. నేను అదే చూసినా ఆయన ముఖంలో. ఆరు నెలలు పటం కింద కూర్చుంటే ఎవరికైనా నమ్మకం వస్తుందేమో. నాకు కోపం కూడా రాలేదు. రావాలని చూసినా, రాలేదు.

నిన్న అఫ్షాన్ బడి నోటుబుక్కు తెచ్చింది. మా కుటుంబం అని ఇంగ్లీషులో పది లైన్లు రాయాలంట. "నువ్వు రాసియ్యి అమ్మీ, నేను చూసి ఎక్కించుకుంటా" అనింది. రాయనన్నా. ఏడ్చింది. ఆయన లోపల నుంచి "రాసియ్యరాదా, చిన్నపిల్ల" అన్నాడు. "రాయను" అని అంతకంటే గట్టిగా అన్నా. అఫ్షాన్ బెదిరిపోయి కంటినీళ్ళు తుడుచుకుంటా ఒక మూలన కూర్చుని తనే రాసుకుంది. పాపం ఆ పిల్ల మీద చూపించినా నా ఉక్రోషమంతా.

తర్వాత తెచ్చి దిద్దమనింది. "మా నాన్న బాగా చదువుకున్నాడు. ఆయన డిగ్రీ గోడ మీద ఉంది. మా అమ్మ ఇంట్లో ఉంటుంది. మా అమ్మ మాకోసం వంట చేస్తుంది" అని రాసింది. చదువుకున్నాడు అనే ఇంగ్లీషు మాటకు స్పెల్లింగు తప్పు రాసింది.

అదొక్కటి దిద్ది ఇచ్చినా.

ఇస్మత్